నల్లకుక్కకు తొమ్మిది శనివారాలు

ఫార్మింగ్టన్ హిల్స్,
ఫిబ్రవరి 17, సోమవారం.

పద్మక్కా,

నీ గొంతు ఎలా ఉందని అడగను. అడిగితే నీకు పలకాలనిపిస్తుంది. ఆపరేషన్ చేసిన డాక్టరు ఏప్రిల్ నెలాఖరు దాకా పెదవి విప్పొద్దన్నాడు కదా, అలాగే ఉండు. ఫోన్లో నేనొక్కదాన్నే వాగుతుంటే గోడకు చెప్పుకున్నట్టుంది. వాట్సాప్‌లో బొటనవేళ్ళతో కథలు చెప్పడం నా వల్ల కాదు. ఉత్తరాలు రాసుకుందామన్న నీ ఆలోచనే బాగుంది. చీరాల్లో హైస్కూలు రోజుల తర్వాత ఇంత తెలుగు రాయడం నాకిదే మొదలు, తప్పులుంటే దిద్దకు.

మొన్న శనివారం మంచు బండ్లు లాగే స్లెడ్ కుక్కల పందెం చూడ్డానికి వెళ్ళాం. రిషితకు ఐదో క్లాసు ప్రాజెక్ట్ అదే. శశికాంత్ లాంగ్ వీకెండ్ చూసి హోటల్ బుక్ చేశారు. మాకినా వంతెన దాటి ఇంకా మూడు గంటలు పైకి. వంతెన మీద గాలికి కారు ఊగుతుంటే ఆంజనేయ దండకం అందుకున్నాను, నాలుగో వాక్యం దగ్గర మర్చిపోయి మళ్ళీ మొదలుపెట్టాను. అలా మూడుసార్లు. శశికాంత్ ఒకటే నవ్వు.

అక్కడి వాళ్ళ చోద్యం చూడాలి! ఊరంతా రోడ్ల మీది మంచు ఎత్తిపోసుకుంటుందా, పందెం వీధిలో మాత్రం లారీలతో మంచు తెచ్చి మరీ పోశారు, బండ్లు జారడానికి. ఒక్కో బండికి పది కుక్కలు. పదింటి పాదాలకూ నలభై మేజోళ్ళు. పరిగెత్తనివ్వండర్రా అని అవి ఎగిరెగిరి అరుస్తుంటే పక్కనున్న మనిషి మాట వినపడదు. తాళ్ళు పట్టుకుని మనుషులు వెనక్కి వాలిపోతున్నారు. గంట కొట్టి 'గో' అన్నారో లేదో, ఆ పది నోళ్ళూ ఒక్కసారి మూతపడ్డాయి. ఇంక చప్పుడే లేదు, మంచు మీద బండి గీసుకుపోయే సుయ్ మన్న శబ్దం తప్ప. నాకు నువ్వు గుర్తొచ్చావు.

రిషిత తన ప్రాజెక్ట్‌కు ఒక జట్టును ఎంచుకుంది. దాని యజమాని పేరు ఐలీన్, అరవై ఏళ్ళుంటాయి, గేలార్డ్ దగ్గర పల్లెలో స్కూల్ బస్ నడుపుతుందట. ఒక్కో ఈతలో పుట్టిన కుక్కలకు ఒక్కో వరసలో పేర్లు పెట్టుకుంటారు వీళ్ళు. ఈవిడ కుక్కలు క్లోవ్, జింజర్, నట్‌మెగ్, శాఫ్రన్. "అమ్మా, మన పోపులపెట్టె!" అని రిషిత గంతులు.

నువ్వు చెప్పిన పని కూడా అయింది. నల్లటి నలుపు, శనివారం, నా చేత్తోనే. క్లోవ్ అంటే అదే.

రిషిత పిలుస్తోంది. నిన్నంతా దారిలో సిగ్నల్ లేదు, ఇవాళ కంప్యూటర్ ముందు కూర్చుంది. పందెంలో ఏ జట్టు ఎక్కడుందో మ్యాప్‌లో చుక్కలు కనిపిస్తాయి. ఐలీన్ చుక్క కదలడం లేదట. చూసొస్తాను.

సుధ

*

జెర్సీ సిటీ,
ఫిబ్రవరి 21.

సుధా,

అమ్మయ్య! నీ ఉత్తరం చదివి దేవుడి ముందు దీపం పెట్టాను. ఫార్మింగ్టన్ హిల్స్ అంతా గాలించినా శనివారం పూట ముద్ద పెట్టడానికి ఒక్క నల్లకుక్క దొరకడం లేదని నువ్వు ఏడుస్తుంటే, ఆయన పది కుక్కల్ని వరసగా నిలబెట్టి చూపించాడు. ఊరికే అన్నారా, వెతకబోయిన తీగ కాలికి తగిలిందని.

మరిదిగారికి ఏలినాటి శని నడుస్తోందని నేను చెప్తే మీరిద్దరూ నవ్వారు. నాలుగు నెలల్లో కారు రెండుసార్లు గోతిలోకి జారింది. కాలర్‌బోన్ విరిగింది. రాకరాక వచ్చిన గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూ వాయిదా పడింది. ఇంకా ఏం కావాలి నవ్వడానికి? తొమ్మిది శనివారాలన్నాను, ఒకటైంది, ఎనిమిదున్నాయి. మధ్యలో ఆపకు.

సరిగ్గా చేశావా లేదా చెప్పు. నల్లనువ్వులు, నల్ల కిస్‌మిస్ రుబ్బి చేసిన ఉండలే కదా? పంచదార కలపలేదు కదా? తెల్లది శనికి పనికిరాదని పదిసార్లు చెప్పాను. తొమ్మిది ఉండల్లో ఎన్ని తింది? నీ చేతిలోంచి తిందా, కింద పడేస్తే తిందా?

ఇక్కడ మీ బావగారు ఈ మూడు నెలలూ పండగ చేసుకుంటున్నారు. నేను మెడలో పలక వేసుకుని తిరుగుతున్నాను. కూర మాడుతోందని పలక మీద రాసేలోపు కూర మాడిపోతోంది. పాటలకొచ్చే పిల్లలకు చేతులతోనే తాళం. వసంతలక్ష్మి అని ఒక పిల్ల నేను తిట్టలేనని కనిపెట్టి అపస్వరాలు హాయిగా పాడేస్తోంది. ఏప్రిల్ 28 రానీ, దాని పని చెప్తాను.

అన్నట్టు, చుక్క ఎందుకు కదలలేదు?

పద్మ

*

ఫార్మింగ్టన్ హిల్స్,
ఫిబ్రవరి 26.

అక్కా,

నీ ఉత్తరం రెండు రోజులుగా నా దిండు కింద ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి నీకు చెప్తున్నాను.

చుక్క కదలలేదు, ఎందుకంటే ఐలీన్ మొదటి మజిలీలోనే ఆగిపోయింది. క్లోవ్ వాంతులు చేసుకుని పడిపోయింది. దాన్ని బండి మీద పడుకోబెట్టుకుని, మిగతా తొమ్మిదింటితో ఆవిడ అక్కడిదాకా లాక్కొచ్చిందట. ఇప్పుడది ఆసుపత్రిలో ఉంది. కిడ్నీలు చెడిపోయాయి. ఏం తిందో ఎవరికీ తెలియడం లేదు.

నాకు తెలుసు. గూగుల్‌లో చూశాను అక్కా. కిస్‌మిస్ కుక్కలకు విషం. ద్రాక్ష ఏ రూపంలో పెట్టినా విషమే. కొన్నిటికి ఏమీ కాదట, కొన్నిటికి గుప్పెడు చాలట. నేను గిన్నెడు వేశాను. పుణ్యానికి కొలతేమిటని ఇంకో గుప్పెడు కూడా కలిపాను. ఆరు ఉండలు తింది. నా చేతిలోంచే తింది, నాలుకతో అరచెయ్యంతా తుడిచింది. నువ్వడిగావుగా, అందుకు చెప్తున్నాను.

మొదటి ఉత్తరంలో ఒకటి దాచాను. అక్కడ బోర్డుంది. పందెం మొదలవడానికి ముందు కుక్కల్ని ట్రక్కుల పక్కన కట్టేస్తారు, జనం మధ్యలో తిరిగి చూడొచ్చు. ప్రతి ట్రక్కు మీదా ఇంత అక్షరాలతో రాసుంది: 'ముట్టుకునే ముందు అడగండి. ఏమీ తినిపించకండి.' చదివాను అక్కా. చదివి కూడా, ఇది తిండి కాదు కదా, ప్రసాదంలాంటిది కదా అనుకున్నాను. ఐలీన్ అటు తిరిగి మేజోళ్ళు తొడుగుతోంది. శశికాంత్ కాఫీకి వెళ్ళారు. రిషితను జింజర్‌ను వీడియో తియ్యమని అటు పంపాను. చూశావా ఎంత తెలివో! దొంగతనానికి వెళ్ళినట్టే వెళ్ళాను.

ఆ రోజు సాయంత్రమే తెలిసుంటే కక్కించేవాళ్ళట, కిడ్నీలు దక్కేవట. అప్పుడు నేను హోటల్లో పులిహోర పొట్లాలు విప్పుతున్నాను, నీ మరిదికి ఇంక అంతా మంచే జరుగుతుందని.

ఏం చెయ్యను?

సుధ

*

జెర్సీ సిటీ,
మార్చి 2.

సుధా,

ఈ ఉత్తరం చదివి చించెయ్. నీది నేను చించేశాను.

ముందు నీళ్ళు తాగు. ఇప్పుడు విను. నువ్వు ఏ పాపమూ చెయ్యలేదు. ఆకలిగొన్న ప్రాణికి తీపి పెట్టావు. చీరాల్లో మన వాకిట్లో కుక్క ఏం తినలేదని? పెళ్ళి విస్తళ్ళు నాకింది, బూరెలు తింది, పన్నెండేళ్ళు బతికింది. గూగుల్ చెప్పేవన్నీ నిజాలైతే మనమెవరం బతికుండం. ఆ కుక్క దారిలో ఇంకేం తిందో నీకు తెలుసా? మంచు నాకదూ? ఎవడు ఏం పారేశాడో?

ఎవరికీ చెప్పకు. మరిదిగారికి అసలు చెప్పకు. గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూ మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు. జంతువుకు విషం పెట్టిందని ఇక్కడ ఎవరైనా కేసు పెడితే? ఫారంలో ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా అని అడుగుతారు, నీకు గుర్తుందా? పదకొండేళ్ళు హెచ్-వన్ మీద కాళ్ళరిగేలా తిరిగిన మనిషి అతను. రిషిత ఇక్కడే పుట్టింది, దానికేం, మీ ఇద్దర్నీ పొమ్మంటే అదెక్కడుంటుంది?

ఆవిడ నిన్ను అడిగిందా? లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? తేలు కుట్టిన దొంగలా ఉండు కొన్నాళ్ళు. అదే సర్దుకుంటుంది. కుక్క కోలుకుంటుంది, నేను రోజూ సుందరకాండ మనసులో చదువుతున్నాను దానికోసం. నోరు కదపకుండా.

మిగతా శనివారాలు ఆపెయ్.

పద్మ

*

ఫార్మింగ్టన్ హిల్స్,
మార్చి 9.

పద్మక్కా,

సర్దుకోలేదు. విను.

పందెం కమిటీ వాళ్ళు వెబ్‌సైట్‌లో నోటీసు పెట్టారు. కిడ్నీలు అలా చెడిపోయాయంటే కారు రేడియేటర్లో పోసే ద్రవం తాగి ఉండొచ్చని వాళ్ళ అనుమానం. అది తియ్యగా ఉంటుందట, కుక్కలు నాకుతాయట. ఐలీన్ ట్రక్కు పాతది, కిందకు కారుతోందని ఎవరో చెప్పారు. అంటే తప్పు ఆవిడదే, అజాగ్రత్త. మార్చి 22న విచారణ. తేలితే ఇంక ఏ పందెంలోనూ ఆవిడను పరిగెత్తనివ్వరు. ఇరవై ఆరేళ్ళుగా కుక్కల్ని పెంచుతోంది అక్కా ఆవిడ. కింద కామెంట్లలో జనం ఆవిణ్ణి తిట్టే తిట్లు చదవలేకపోయాను. స్కూల్ బస్ కూడా నడుపుతుందటగా, పిల్లల్నేం చేస్తుందో అని ఒకడు. ఆవిడ ఒక్కటే జవాబు రాసింది: 'నా ట్రక్కు కారడం లేదు. కానీ నా కుక్కను నేను చూసుకోలేకపోయాను, అది నిజం.'

నేను చేసిన పనికి ఆవిడ తప్పు ఒప్పుకుంటోంది!

గురువారం రిషిత స్కూల్నుంచి వచ్చి బ్యాగ్ కూడా దించలేదు. క్లాసులో ప్రాజెక్ట్ వీడియో వేశారు. జింజర్ వెనకాల, మూల, నా ఎర్ర శాలువాలోంచి చాచిన చెయ్యి, దాన్ని నాకుతున్న నల్లకుక్క. ఎవరూ పట్టించుకోలేదట. అది పట్టించుకుంది. వంటింట్లో నిలబడి అడిగింది. దాని తెలుగు నీకు తెలుసుగా.

"అమ్మా, క్లోవ్‌కి నువ్వు ఏమి పెట్టావ్?"

"ఏం లేదు నాన్నా, ఊరికే..."

"డబ్బాలో తొమ్మిది బాల్స్ ఉంది. హోటల్‌లో త్రీ ఉంది. నేను కౌంట్ చేసాను, నాకు ఒకటి కావాలి అని. నువ్వు నాకు వద్దు అన్నావ్." అప్పుడు బ్యాగ్ దించి కింద పెట్టింది. "నువ్వు వాళ్ళకి చెప్తావా, నేను చెప్పాలా?"

పదేళ్ళ పిల్ల! మూడు వారాలు లెక్క తెలిసి ఊరుకుంది, నేనే చెప్తానేమోనని.

సాయంత్రం శశికాంత్‌కు చెప్పాను. ఆయన మళ్ళీ మొదట్నుంచి చెప్పించుకున్నారు. తర్వాత, "నా శని వదిలించడానికి ఇంకో ప్రాణానికి పట్టించారా మీ అక్కచెల్లెళ్ళు?" అన్నారు. ఆ మాటకు ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కావడం లేదు. ఆ తర్వాత ఆయనకూ భయమేసింది, అబద్ధమెందుకు. ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆగుదామా అన్నారు. ఆగేసరికి ఆవిడ పని అయిపోతుంది అన్నాను.

నీ మాట విని పెట్టాను. నీ మాట విని నోరు మూసుకున్నాను. ఇంక వినను. వచ్చే శనివారం గేలార్డ్ వెళ్తున్నాను. నీ సుందరకాండ నీ దగ్గరే ఉంచుకో.

సుధ

*

జెర్సీ సిటీ,
మార్చి 12.

సుధా,

ఓవర్‌నైట్ పోస్టులో వేస్తున్నాను, నువ్వు బయల్దేరేలోపు అందాలని. వెళ్ళొద్దని చెప్పడానికి కాదు.

నీకు ఒకటి తెలియాలి. సిద్ధాంతిగారు నల్లకుక్కకు రొట్టెముక్క పెట్టమన్నారు. అంతే. నల్లనువ్వులు, నల్ల కిస్‌మిస్, తెల్లది తగలకూడదు, తొమ్మిది ఉండలు, ఇవేవీ ఆయన చెప్పలేదు. నా సొంత పైత్యం. ఉత్త రొట్టె అంటే నువ్వు తేలిగ్గా తీసుకుంటావని, కాస్త బరువుగా ఉండాలని అల్లాను. చిన్నప్పట్నుంచీ నాకున్న రోగమే ఇది, నీకు తెలుసు. ఎవరేం చెప్పినా నాలుగు కలపందే నోట్లోంచి రాదు. నువ్వేమో నేనేం చెప్పినా వేదమే అనుకుంటావు.

అది చెప్పకుండా కిందటి ఉత్తరంలో నీకు బోధలు చేశాను. ఆకలిగొన్న ప్రాణి అని రాశాను. తప్పు నాదని తెలిసే రాశాను.

వెళ్ళు. కానీ నా పేరు మాత్రం చెప్పకు సుధా. నా దగ్గర ముప్పై మంది పిల్లలు పాట నేర్చుకుంటున్నారు. గొంతు వస్తుందో రాదో తెలియని రోజుల్లో ఆ పిల్లలే నాకున్నది. వాళ్ళ తల్లుల నోళ్ళలో పడలేను.

సిగ్గు లేకుండా అడుగుతున్నాను.

పద్మ

*

ఫార్మింగ్టన్ హిల్స్,
మార్చి 16.

అక్కా,

నీ పేరు చెప్పలేదు. భయపడకు.

నిన్న పొద్దున నేనూ రిషితా బయల్దేరుతుంటే శశికాంత్ తాళాలు లాక్కున్నారు. ఆపుతారేమో అనుకున్నాను. "ఐస్ మీద నీకు డ్రైవింగ్ రాదు, ఎక్కండి" అన్నారు. రెండుసార్లు గోతిలో పడేసిన మనిషి! నవ్వొచ్చి ఏడుపొచ్చింది.

ఐలీన్ ఇల్లు దూరం నుంచే తెలిసిపోతుంది, ఆ అరుపులకు. ఆవిడ పశువుల కొట్టంలాంటి షెడ్‌లోంచి బకెట్ పట్టుకుని వచ్చింది. రిషితను గుర్తుపట్టింది. "నువ్వు మసాలాల పేర్లు విని గంతులేసిన పిల్లవు కదూ?" అంది. అంతే, నాకు దారంతా కూడబలుక్కున్న ఇంగ్లీషు ఎటు పోయిందో! "క్లోవ్‌కు కిస్‌మిస్ పెట్టింది నేను" అన్నాను.

ఆవిడ బకెట్ కింద పెట్టింది. "ఎంత?" అంది.

"ఆరు ఉండలు. ఉండకు గుప్పెడుకి కాస్త తక్కువ."

"ఎన్ని గంటలకు?"

"పదకొండుంపావు."

"మేం బయల్దేరింది పన్నెండింటికి." వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంది. "నాలుగింటికి పందెంలో ఉండే కుక్కల డాక్టరు దాన్ని చూశాడు. ఏం తినిపించావని నన్ను నాలుగుసార్లు అడిగాడు. నాలుగుసార్లూ మాంసం, చేప, కొవ్వు అనే చెప్పాను. నీ ఫోన్ పనిచేస్తూనే ఉంది కదా ఆ వేళకి?"

"అప్పటికి నాకు తెలియదు."

"ఎప్పుడు తెలిసింది?"

"ఫిబ్రవరి పందొమ్మిదిన."

"ఇవాళ మార్చి పదిహేను." ఆవిడ అరవలేదు అక్కా. అరిస్తే బాగుండేది. "బోర్డు చూశావా?" అంది.

"చూశాను."

"ఎందుకు పెట్టావు మరి?"

ఏలినాటి శనిని ఇంగ్లీషులో ఏమంటారు? మా ఆయనకు కష్టాలు పోవాలని మా వాళ్ళు శనివారం నల్లకుక్కకు తిండి పెడతారని చెప్పాను. ఆవిడ శశికాంత్ వంక చూసింది. ఆయన తల వంచుకుని, "నాకు తెలియదు. తెలిసుంటే... ఏమో, నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి" అన్నారు. "పోయాయా కష్టాలు?" అని అడిగింది ఆవిడ. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

కాగితం తెచ్చింది. కమిటీకి రాసివ్వమంది. అంతా రాసి పూర్తిపేరు, అడ్రస్, ఫోన్ వేసి సంతకం పెట్టాను. కేసు పెడతారా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది, అడగలేదు.

తర్వాత క్లోవ్‌ను చూపించింది. పొయ్యి పక్కన దుప్పటి మీద ఉంది. సగమైపోయింది. నా చెయ్యి వాసన చూసి మళ్ళీ నాకింది అక్కా! దానికేం తెలుసు. కిడ్నీలు పావువంతు పనిచేస్తున్నాయట. ఇంక పరిగెత్తదు. రోజూ చర్మం కింద సూది గుచ్చి సెలైన్ ఎక్కించాలి. ఒకరు పట్టుకోవాలి, ఒకరు ఎక్కించాలి.

"శనివారాలు మా చెల్లెలొచ్చి పట్టుకునేది, దానికి నడుం పట్టేసింది" అంది ఐలీన్. "నువ్వు రా. నిన్ను క్షమించానని కాదు. నాకు రెండు చేతులు కావాలి."

మొదటిరోజే పట్టించింది. మూడు గంటలు వెనక్కి వస్తుంటే నా ఒళ్ళంతా కుక్క వాసన.

సుధ

*

ఫార్మింగ్టన్ హిల్స్,
ఏప్రిల్ 20.

అక్కా,

నీ దగ్గర్నుంచి నెలకు పైగా ఉత్తరం లేదు. అలిగావా, సిగ్గుపడుతున్నావా? రెండింటికీ నాకు ఓపిక లేదు, నేనే రాస్తున్నాను.

కమిటీ ఐలీన్‌ను నిర్దోషి అంది. నోటీసులో నా పేరు వెయ్యలేదు, 'ఒక ప్రేక్షకురాలు' అని వేశారు. ఆవిడే వెయ్యొద్దందట. ఎందుకని అడిగితే, "నా ట్రక్కు గురించి వాగినవాళ్ళే రేపు నీ గురించి వాగుతారు, వాళ్ళకు మేత వెయ్యడం నాకిష్టం లేదు" అంది. కేసు లేదు. లాయర్‌తో మాట్లాడాం, ఇంటర్వ్యూలో అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాడు. చెప్తాం.

నిన్నటితో ఏడు శనివారాలయ్యాయి, పందెం రోజుతో కలిపి. లెక్క నేను పెట్టుకోలేదు, రిషిత పెట్టుకుంది. నేను క్లోవ్‌ను ఒళ్ళో పెట్టుకుంటాను, అది నా మోచేతి కింద తల దూరుస్తుంది. సెలైన్ ఎక్కుతున్నంతసేపూ కదలకుండా ఉండాలని ఏదో ఒకటి పాడతాను. నాకొచ్చేది నీ దగ్గర నేర్చుకున్న ముక్కలేగా, అవే. మా అక్క అయితే బాగా పాడుతుందని ఐలీన్‌కు చెప్పాను. గొంతు ఆపరేషన్ సంగతి కూడా. "నీకు అక్క ఉందా?" అంది, అంతే. నీ గురించి నేనింకేం చెప్పలేదు.

శశికాంత్ అక్కడ కంచెలు బాగుచేస్తున్నారు. నిన్న జారి పడ్డారు, బురదలో. ఐలీన్ మొదటిసారి నవ్వింది.

క్లోవ్ నిన్న సరిగా తినలేదు. వాతావరణం మారింది కదా, అందుకే అనుకుంటాను.

28న నీకు గొంతు విప్పే రోజు. మొదటి ఫోన్ నాకేనని జనవరిలో మాటిచ్చావు. ఆ మాట ఇంకా ఉందో లేదో నీ ఇష్టం.

సుధ

*

జెర్సీ సిటీ,
ఏప్రిల్ 29, మంగళవారం.

సుధా,

నిన్న డాక్టరు ఒక్క 'ఆ' అనిపించి చూసి, ఇంక మాట్లాడమన్నాడు. గొంతు వచ్చింది. కొంచెం గరుగ్గా, ఎవరిదో గొంతులా ఉంది గానీ వచ్చింది. మీ బావగారు కళ్ళు తుడుచుకుని, ఇంక తిట్టు అన్నారు. తిట్టలేదు.

నీకు ఫోన్ చెయ్యలేదని కోపమొచ్చి ఉంటుంది. మొదటి మాట నీతో కాదని నెల కిందటే అనుకున్నాను. అందుకే నీకు రాయలేదు. నీ ఉత్తరాలకు జవాబు రాయాలని కూర్చున్నప్పుడల్లా కాగితం మీద నా పేరొక్కటే కనిపించేది, నువ్వు చెప్పకుండా దాచిన పేరు. దాన్ని నేనే చెప్పాలి. రాసి కాదు, నోటితో.

ఐలీన్ నంబరు పందెం వెబ్‌సైట్‌లో ఉంది. ఇవాళ పొద్దున చేశాను. "నేను సుధ అక్కను. ఆ ఉండలు చెయ్యమని చెప్పింది నేను. అది శాస్త్రం కూడా కాదు, నేను కల్పించాను. బయటపడొద్దని చెప్పింది కూడా నేనే" అన్నాను. మూడు నెలల తర్వాత నేను పలికిన మొదటి మాటలు అవి. పెగల్లేదు గొంతు, రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినిపించింది. తర్వాత, "పొద్దున్నుంచీ మీ చెల్లెలి నంబరు నొక్కుతూ ఆపేస్తున్నాను. మీరు చేశారు. ఇంక మీరే చెప్పండి" అంది.

క్లోవ్ పోయింది సుధా. నిన్న సాయంత్రం. పొయ్యి పక్కనే, నిద్రలో. నొప్పి పడలేదని ఆవిడ చెప్పమంది. మొన్న శనివారం నీ ఒళ్ళో పడుకున్నదే ఆఖరి మంచి నిద్ర అని కూడా చెప్పమంది. తర్వాత ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

గొంతు వచ్చింది కదా, నీకు ఫోన్ చేసి చెప్పొచ్చు. నాలుగుసార్లు తీశాను. నావల్ల కాలేదు. అందుకే మళ్ళీ ఉత్తరమే. రిషితకు నువ్వే చెప్పు, ఏదీ కలపకుండా, ఏదీ తగ్గించకుండా. ఆ పిల్లకు అదే ఇష్టం.

శనివారం రావద్దని చెప్పాలా అని అడిగాను ఆవిణ్ణి. "షెడ్‌లో ఇంకా పదమూడు కుక్కలున్నాయి. వాటికీ మధ్యాహ్నం తిండి పెట్టాలి" అంది.

శుక్రవారం సాయంత్రం ఫ్లైట్‌కు డెట్రాయిట్ వస్తున్నాను. మరిదిగారిని ఎయిర్‌పోర్ట్‌కు రమ్మను, నెమ్మదిగా నడపమను. పొద్దున్నే అందరం కలిసి వెళ్దాం. తొమ్మిదో శనివారం. నల్లదీ తెల్లదీ నేనేమీ చేసి తీసుకురావడం లేదు. నువ్వూ ఏమీ చెయ్యకు. ఉత్త చేతులతో వెళ్ళి గేటు దగ్గర నిలబడదాం. ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో, అసలు పెట్టొచ్చో లేదో, ఈసారి ముందు అడుగుదాం.

నీ పద్మక్క